బూజుకి స్వచ్ఛత సర్టిఫికెట్

జూన్ 4

తమ్ముడూ, గుండూ,

నువ్వు చల్లగా ఉండాలి. నేను బాగున్నానని రాయడం నాకింకా చేతకావడం లేదు, అందుకని ఆ ముక్క వదిలేస్తున్నాను. పిచ్చుక పోయి నాలుగు నెలలైంది. ఇరవై ఏడేళ్ళ పిల్ల, మూడు రోజుల జ్వరం. ఇప్పటికీ పొద్దున లేవగానే దాన్ని లేపడానికి గది దాకా వెళ్ళి ఆగిపోతున్నాను. ఆ సంగతి ఇంతటితో ఆపుతాను, లేకపోతే కాగితం తడిసిపోతుంది.

దాని ఆఫీసు వాళ్ళు కబురు పెడితే మొన్న వెళ్ళాను. మట్టి పరీక్షల ఆఫీసులో ఆరేళ్ళు చేసింది కదా, ఆరేళ్ళూ టెంపరరీయే. బల్ల ఖాళీ చేసి ఒక గొడుగూ, టిఫిను డబ్బా, ఒంటి చెప్పూ నా చేతిలో పెట్టి సంతకం పెట్టమన్నారు. రెండో చెప్పేది బాబూ అంటే, లిస్టులో ఒకటే ఉందమ్మా అన్నాడు గుమాస్తా. లిస్టు ఎవరు రాశారయ్యా అంటే, నేనే అన్నాడు.

వాళ్ళెవరూ అడగని సామాను ఇక్కడ మన ఇంట్లో ఉంది. వెనక వసారాలో పన్నెండు కుండీలు. ఊరవతల ఉప్పు పర్రలో, ఏదీ మొలవని చోట, ఒక గడ్డి పచ్చగా ఉండటం చూసి దాని వేళ్ళు తవ్వి తెచ్చింది పిచ్చుక. ఆ వేళ్ళలో కంటికి కనపడని బూజు ఉందట. రొట్టెకి పట్టే బూజు కాదమ్మా, మంచి బూజు అనేది. వేరులోకి దూరి కాపురం పెట్టి, బయటికి దారాలు చాపి, వేరు అందుకోలేని చోటినించి నీళ్ళూ సత్తువా లాక్కొచ్చి మొక్కకి పెడుతుందట. మొక్క దానికి తిండి పెడుతుందట. ఆఫీసులో పెట్టుకోవే ఈ కుండీలు అంటే, అక్కడ చోటు లేదమ్మా, చోటు కావాలని పెట్టిన అర్జీక్కూడా చోటు లేదు అని నవ్వేది.

మన పొలం నీకు తెలుసుగా, కాలవ చివర. ఉప్పు తెల్లగా పైకి పేరుకుంటుంది. పోయినేడు అందులో రెండు వరసలు టమాటా వేసింది. ఒక వరస నారు కుండీ మట్టిలో పెంచింది, ఇంకో వరస నారు మామూలు మట్టిలో. మామూలు వరస ఆకుల అంచులు మాడ్చుకుని కూర్చుంది. కుండీ వరస కాసింది. గంపలు గంపలు అని అబద్ధం రాయను, కానీ కాసింది.

ఇది సీసాలో పెరగదురా. బతికున్న వేరు ఉంటేనే పెరుగుతుంది. అందుకే ఆ కుండీల్లో మొక్కజొన్న వేసింది, అది ఎండేలోగా మళ్ళీ విత్తాలి. నాలుగు నెలలుగా నేనే విత్తుతున్నాను. నాది నాలుగో తరగతి చదువు. నా చేతిలో ఏదైనా తేడా వస్తే ఇదీ పోతుంది. నువ్వు పెద్దాఫీసులో ఉన్నావు, తెలిసినవాళ్ళ చేతిలో దీన్ని పెట్టు. ఇది చావకూడదు. నాకు ఇంకేం వద్దు.

అక్క

జూన్ 19

విషయం: పన్నెండు (12) కుండీల గురించి.
సూచన: తమరి లేఖ, తేదీ జూన్ 4.

అక్కా,

పై రెండు లైన్లూ చేతి అలవాటులో పడిపోయాయి, ఏమీ అనుకోకు. నీ ఉత్తరం చదివి చాలాసేపు ఫైళ్ళు ముట్టుకోలేదు. నీ మనసులో ఏముందో నాకు అర్థమైంది. పిచ్చుక పేరు నిలబడాలి, అంతే కదా. నిలబెడతాను. ఇరవై రెండేళ్ళ సర్వీసు, మేనకోడలి కోసం ఆ మాత్రం చెయ్యలేనా.

ఫైలు తెరిపించాను. ఒక చిన్న చిక్కు వచ్చింది. శిలీంధ్రాలకి మా దగ్గర ఫారం లేదు. ప్రాణమున్న ఆస్తికి ఉన్నది పశువుల ఫారం ఒక్కటే. దాన్నే మూడు ప్రతులు పంపుతున్నాను. ఏ గడీ ఖాళీగా వదలకు, ఖాళీ గడి ఉంటే వెనక్కి పంపుతారు.

ఇంకో మాట. కవరు మీద గుండు అని రాయకు. ప్యూను దగ్గర్నించి డైరెక్టరు దాకా అందరూ చదివారు. డైరెక్టరుగారు నన్ను చూసి నవ్వారు. నేను చేరినప్పట్నించీ ఇదే మొదటిసారి.

అస్తమానం ఆ కుండీల మధ్య కూర్చోకు. వేళకి తిను.

ఇట్లు, నీ తమ్ముడు

జూన్ 27

తమ్ముడూ,

కవరు మీద నీ హోదా అంతా రాయించాను, అడ్రసుకి చోటు చాల్లేదు. అందితే చెప్పు.

ఫారం నింపాను. కొమ్ములు: లేవు. పాలు: ఇవ్వదు. రంగు: కనపడదు. చివరిసారి ఈనిన తేదీ: తెలియదు, రోజూ అనుకుంటాను. పొడిచే స్వభావమా సాధువా అంటే సాధువు అని రాశాను. యజమాని పేరు దగ్గర మటుకు పిచ్చుక పేరు రాసేశాను. రాశాక గుర్తొచ్చింది. కొట్టేసి నా పేరు రాశాను. కొట్టివేతలు చెల్లవంటే నువ్వే ఏదో ఒకటి చెప్పి ఒప్పించు, ఆ గడి మళ్ళీ నాచేత రాయించకు.

నేను పేరు గురించి అడగలేదురా. పేరు నేను పెట్టిందే, ఎక్కడికీ పోదు. కుండీలు బతకాలని అడిగాను. ఆ రెండూ ఒకటే అనుకుంటున్నావేమో అని భయంగా ఉంది.

నీకు చెప్పలేదు గానీ, అది ఒక్కో కుండీకి ఒక్కొక్కళ్ళ పేరు పెట్టింది. ఏడోది నువ్వు. మామయ్యకి ఎన్ని నీళ్ళు పోసినా వారం పోతేగానీ ఉలకడమ్మా అనేది. నవ్వుకో, తిట్టుకోకు.

అక్క

జూలై 22

అక్కా,

శుభవార్త! కొట్టివేతతో సహా ఫారం అంగీకరించారు. పశుసంవర్ధక శాఖ వాళ్ళు టీకాలు వేయించారా అని అడిగితే, అదీ సర్దేశాను.

అసలు సంగతి విను. ఫైలు మంత్రిగారి దాకా వెళ్ళింది. ఆయనకి తెగ నచ్చేసింది. చౌడు నేలలున్న రైతులందరికీ ఉచితంగా ప్యాకెట్లు పంచుతారట. పథకం పేరు 'ఉప్పు తినే నేస్తం'. ప్యాకెట్ మీద ఒకవైపు మంత్రిగారి ఫొటో, రెండోవైపు మన పిచ్చుక ఫొటో! సమావేశంలో ఆ మాట అనగానే నా కళ్ళు చెమర్చినవి. మినిట్స్‌లో కూడా అలాగే రాశారు.

వచ్చే వారం వ్యాను వస్తుంది. పన్నెండు కుండీలూ ఇచ్చెయ్యి. ఒక్కటి కూడా ఉంచుకోకూడదు, ప్రైవేటు వ్యక్తుల దగ్గర ఉంటే పథకం చెల్లదు. మంచి ఫొటో ఒకటి ఇవ్వు. నేనున్నాను కదా, దిగులు పెట్టుకోకు.

తమ్ముడు

ఆగస్టు 2

తమ్ముడూ,

వ్యాను వచ్చింది. ఇద్దరు మనుషులు, చేతులకి తొడుగులు, మూతులకి గుడ్డలు, కుండీల్లో పాములున్నట్టు. నేను పట్టుకుంటానంటే, మీకు అనుమతి లేదమ్మా అన్నారు. ఆరు నెలలుగా ఎవరి అనుమతితో నీళ్ళు పోశాననుకున్నారో.

పన్నెండూ ఇచ్చేశాను. వసారాలో పన్నెండు గుండ్రటి మచ్చలు మిగిలాయి. గచ్చు కడుగుదామని బకెట్టు తెచ్చాను గానీ కడగలేదు.

ఫొటో ఇచ్చాను. కళ్ళు సగం మూసుకుని నవ్వే ఫొటో. అందులో బాగుండదు గానీ, అందులోనే అచ్చం తనలా ఉంటుంది.

నాలుగు మాటలు చెబుతాను, అక్కడ చేసేవాళ్ళకి చదివి వినిపించు. ఎండలో పెట్టొద్దు. ఎరువు దండిగా వెయ్యొద్దు, ఊరికే కడుపు నిండితే మొక్క ఈ బూజుని దగ్గరికి రానివ్వదట. బూజు మందు దాని దరిదాపులకి తేవొద్దు. వేరు ఎండిపోయేలోగా మళ్ళీ విత్తాలి.

ఇంకోటి, 'ఉప్పు తినే' అని రాయొద్దురా. అది ఉప్పు తినదు. నేలలో ఉప్పు ఉన్నంతా అలాగే ఉంటుంది. ఆ ఉప్పులోనే మొక్క తట్టుకుని నిలబడేట్టు చేస్తుంది, అంతే. నేనూ మొదట పిచ్చుకని అదే అడిగాను, మరి ఉప్పు ఎక్కడికి పోతుందే అని. ఎక్కడికీ పోదమ్మా, మొక్కకి తోడు దొరుకుతుంది అంది.

నువ్వు స్వయంగా వెళ్ళి చూడు. ఎవరికో చెప్పి ఊరుకోకు.

అక్క

సెప్టెంబర్ 14

అక్కా,

నీ నాలుగు సూచనలూ సంబంధిత విభాగానికి పంపించాను. వాళ్ళు అందినట్టు సంతకం చేశారు.

పేరు మార్చడం కుదర్లేదు, అప్పటికే నలభై వేల కవర్లు అచ్చయ్యాయి. మిగతాదంతా దివ్యంగా జరిగింది. రైతుకిచ్చే మట్టిలో క్రిములుండరాదని కొనుగోలు విభాగం నిబంధన. పరీక్ష చేయిస్తే మన కుండీల్లో కోకొల్లలుగా ఉన్నాయని తేలింది! వెంటనే పన్నెండు కుండీల మట్టినీ ఆవిరి యంత్రంలో రెండు విడతలు ఉడకబెట్టించాను. ఇప్పుడు 'జీవమున్నదేదీ లేదు, నూటికి నూరుపాళ్ళు స్వచ్ఛం' అని సర్టిఫికెట్ వచ్చింది. ఫ్రేము కట్టించి నా గదిలో పెట్టాను. నీకో నకలు పంపుతున్నాను.

సస్యరక్షణ విభాగం వాళ్ళు, మేమూ ఓ చెయ్యి వేస్తామని, ప్రతి ప్యాకెట్‌తోనూ బూజు చంపే మందు పొట్లం ఒకటి ఉచితంగా జోడించారు. రెండు విభాగాలు కలిసి పనిచెయ్యడం మా ఆఫీసు పుట్టాక ఇదే మొదలు.

ప్రారంభ సభలో నీ కోసం ముందు వరసలో కుర్చీ వేయించాను. నువ్వు రాలేదు. దాని మీద మంత్రిగారి శాలువా పెట్టారు.

తమ్ముడు

సెప్టెంబర్ 23

ఒరేయ్ గుండూ,

కవరు మీద కూడా అదే రాశాను. అందరూ చదవనీ.

బతికున్నదాన్ని పట్టుకెళ్ళి, ఉడికించి, చచ్చిందని కాగితం రాయించి, దాన్ని ఫ్రేము కట్టించావా? ఆ కోకొల్లలుగా ఉన్నదేరా నేను నీకిచ్చింది! అలాంటి సర్టిఫికెట్ నా దగ్గర ఇదివరకే ఒకటి ఉంది. ఆసుపత్రి వాళ్ళిచ్చారు. ఇప్పుడు నువ్వు రెండోది పంపావు.

ప్యాకెట్లు ఇక్కడికీ వచ్చాయి. పక్క పొలం ఆవిడ, పెద్దగొంతావిడ అంటామే, ఆవిడ పరిగెత్తుకుంటూ వచ్చి, వదినా, మన పిచ్చుక బొమ్మ వచ్చింది చూడు అని నా ఒళ్ళో పెట్టింది. కళ్ళు సగం మూసుకుని నవ్వుతోంది నా తల్లి. పక్కనే బూజు చంపే మందు పొట్లం, దారంతో కట్టి.

మన వీధిలో అందరూ దాని మొహం చూసి ప్యాకెట్లు తీసుకున్నారు. మంత్రి మొహం చూసి కాదు. చౌడులో ఈసారి నారు పెడతామంటున్నారు, ఎప్పుడూ బీడు ఉంచే పొలం చెక్కల్లో కూడా. ఆ నారు మాడిపోతే మాడిపోయేది దాని మాట మీద నమ్మకం.

రెండే అడుగుతున్నాను. ఒక్క కుండీ అయినా ఉడక్కుండా మిగిలిందా? ఆ ప్యాకెట్లలో ఏమీ లేదని నాట్లకి ముందు జనానికి చెబుతావా? నంబరు వేసి జవాబు రాయకు. అవునో కాదో రాయి.

అక్క

అక్టోబర్ 6

అక్కా,

మిగల్లేదు. నిబంధన పన్నెండింటికీ వర్తించింది. కుండీలు మాత్రం క్షేమం. కడిగించి, రంగు వేయించి ఆఫీసు హాల్లో వరసగా పెట్టారు, చాలా అందంగా ఉన్నాయి.

రెండోదానికి నువ్వు తొందరపడుతున్నావు. పథకం ఇప్పటికే తొంభై ఏడు శాతం విజయవంతమైంది. పంచిన ప్యాకెట్లని బట్టి లెక్క కడతారు. మిగతా మూడు శాతం వానలో తడిశాయి. ఇప్పుడు నేను లేచి, అందులో ఏమీ లేదంటే పథకం ఆగిపోతుంది, పిచ్చుక ఫొటో తీసేస్తారు, దాని పేరు ఎక్కడా ఉండదు. నేను ఇంత పాటుపడింది ఆ పేరు కోసం. నీ కోసం. నువ్వే వద్దంటావా?

ఆ ఆవిరికి మన బూజు కూడా పోతుందని నాకు నిజంగా తట్టలేదక్కా. నేను చదివింది వ్యవసాయమే, కానీ ఇరవై రెండేళ్ళుగా చదువుతున్నది ఫైళ్ళు.

తమ్ముడు

అక్టోబర్ 12

తమ్ముడూ,

వద్దంటాను. ఫొటో తీసెయ్యి.

నువ్వు చెప్పేదాకా ఆగలేక నేనే చెప్పేశాను, కుళాయి దగ్గర, అందరూ బిందెలతో నిలబడి ఉండగా. ఈ ప్యాకెట్లో ఉన్నది ఉడికించిన మట్టి, నమ్మి చౌడులో నారు పెట్టకండి అన్నాను. పెద్దగొంతావిడ, నీ తమ్ముడేగా పంచింది అంది. అవును నా తమ్ముడే అన్నాను. మరి పిచ్చుక కూడా ఇలాంటిదేనా చేసింది ఇన్నాళ్ళూ అంది ఇంకొకామె. బిందె నిండలేదు గానీ తీసుకుని వచ్చేశాను.

దానికి జవాబు చెప్పాలిరా నేను. నోటితో చెబితే చాలదు.

రేపు పొద్దున్నే ఉప్పు పర్రకి వెళుతున్నాను. అది ఎక్కడ తవ్విందో నాకు తెలియదు. ఎప్పుడూ అడగలేదు. చెప్పులు బురద చేసుకొచ్చావేమే అని తిట్టానే తప్ప, ఏ బురదే అని అడగలేదు. ఏదీ మొలవని చోట పచ్చగా ఉన్నది ఏదో అదే వెతుకుతాను.

అక్క

నవంబర్ 3

అక్కా,

అవునో కాదో రాయమన్నావు. అవును. చెప్పాను.

ఒక కాగితం మీద, మా ఆఫీసు పంచిన ప్యాకెట్లలో పనిచేసేదేదీ లేదు, దాన్ని చంపించింది నేనే అని రాసి డైరెక్టరుగారి బల్ల మీద పెట్టాను. ఆయన రెండుసార్లు చదివి, ఇందులో వ్యాకరణ దోషం ఏమీ లేదే అన్నారు. ఏదో ఒకటి ఉంటే తిప్పి పంపవచ్చని ఆశ. లేకపోవడంతో ముందుకి పంపాల్సి వచ్చింది.

పంపకం ఆపారు. ఫొటో తీసేశారు. నన్ను పాత రికార్డుల గదికి మార్చారు. ఇక్కడ కిటికీ లేదు, డైరెక్టరు కూడా లేడు. సర్టిఫికెట్ ఫ్రేము గోడనించి తీసి బీరువాలో పెడదామనుకున్నాను, మనసొప్పలేదు. పగలగొట్టాను. చెయ్యి కొంచెం తెగింది.

నేను నీ ఉత్తరాలన్నీ మళ్ళీ మొదట్నించీ చదివాను. మొదటి ఉత్తరంలోనే రాశావు, ఇది చావకూడదు, నాకింకేం వద్దు అని. ఎంత స్పష్టంగా రాశావు. నేను ఎక్కడ చూశాను అప్పుడు?

దొరికిందా?

గుండు

డిసెంబర్ 1

తమ్ముడూ,

చేతికి కట్టు కట్టుకున్నావా? గాజు ముక్క లోపల ఉండిపోతే చీము పడుతుంది, చూపించుకో.

నాలుగు రోజులు తిరిగాను. పర్రంతా తెల్లగా, నడుస్తుంటే కాలికింద పటపటమంటుంది. నాలుగో రోజు ఒక గట్టు వారన మోకాలెత్తు గడ్డి కనపడింది, దుబ్బు దుబ్బుగా. పాత గుంత లాంటిదేదైనా ఉంటుందేమో, అది తవ్విన చోటేమో అని వెతికాను. లేదు. ఉంటే బాగుండేది. దుబ్బుని వేళ్ళతో సహా పెకలించి మట్టి రాలకుండా గోనెలో తెచ్చాను.

ఆరు కుండీలు పెట్టాను. మూడింట్లో గడ్డి వేళ్ళు తరిగి కలిపాను, మూడింట్లో ఏమీ కలపలేదు. ఆరింట్లోనూ మొక్కజొన్న విత్తాను. అది అలాగే చేసేది. ఒకటి ఊరికే ఉండాలమ్మా, లేకపోతే మనల్ని మనమే మోసం చేసుకుంటాం అనేది.

ఆరు వారాలు ఆగి వేళ్ళు కడిగాను. తర్వాత ఏం చెయ్యాలో నాకెవరూ నేర్పలేదు గానీ, వంటింట్లో పిచ్చుక చేస్తుంటే చూసిందంతా కళ్ళలో ఉంది. కాస్టిక్ సోడా నీళ్ళలో వేళ్ళు ఉడికించేది, మంచినీళ్ళలో జాడించేది, వెనిగర్‌లో సిరా చుక్కలు వేసి మళ్ళీ ఉడికించేది. నా మంచి గిన్నె నీలంగా చేసిందని ఎన్ని తిట్లు తిట్టానో. ఇప్పుడు ఆ గిన్నెలోనే ఉడికించాను.

బడికి పట్టుకెళ్ళాను. అక్కడ మైక్రోస్కోపు ఉంది, పిల్లలు పాడుచేస్తారని పదకొండేళ్ళుగా బీరువాలో పెట్టి తాళం వేశారు. లెక్కల మాస్టారే సైన్సూ చెబుతారు, పాపం తాళంచెవి కోసం గంటసేపు వెతికారు. నా వెనకే పెద్దగొంతావిడ, ఇంకో నలుగురూ వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. రమ్మనలేదు, వద్దనలేదు.

మొదట నా కనురెప్పల వెంట్రుకలే కనపడ్డాయి. ఇదేనా బూజు అంటే మాస్టారు నవ్వి అద్దం తిప్పారు. అప్పుడు కనపడిందిరా. వేరు గాజులా తేటగా ఉంది. లోపల సన్నటి నీలం దారాలు, ఒక గదిలోంచి ఇంకో గదిలోకి దారి చేసుకుంటూ. కొన్ని గదుల్లో చిన్న చిన్న చెట్లలా కొమ్మలు వేసి కూర్చున్నాయి. ఏమీ కలపని కుండీ వేరు పెట్టి చూశాం. ఖాళీ. మళ్ళీ మొదటిది పెట్టమన్నాను. మాస్టారు తన కుర్చీ ఇచ్చారు.

ఇరవై ఏడేళ్ళు నా ఇంట్లో తిరిగిన పిల్ల రోజూ ఏం చూసేదో ఆ రోజు నేను చూశాను. అదే బూజో, దాని చెల్లెలో, దూరపు చుట్టమో నాకు తెలియదు. పొలంలో పనిచేస్తుందో లేదో కూడా తెలియదు. బతికి మటుకు ఉంది.

అందరూ ఒకరి తర్వాత ఒకరు చూశారు. పెద్దగొంతావిడ అంత గొంతూ ఏమైందో, గుసగుసగా, దీనికి పిచ్చుక పేరు పెడదాం వదినా అంది. పేరు తర్వాత, ముందు బతకనీ అన్నాను. సరే, అయితే నా చౌడు చెక్క తీసుకో అంది. రెండు వరసలు వేస్తున్నాం, ఒకదానికి కుండీ నారు, ఒకదానికి ఊరికే నారు.

వచ్చే ఆదివారం నువ్వు రా. రెండు వరసలకీ నీళ్ళు పెట్టి, రెండు నెలలు పోయాక ఏది ఎలా ఉందో రాయాల్సింది నువ్వే. ఏ వరస ఏదో మటుకు నీకు చెప్పను. చెబితే బాగుందని రాసేస్తావు.

అక్క